మంటల లెక్క ఎవరు చదవాలి? ఫైర్ సిబ్బందికి డేటా శిక్షణ వెనుక కథ

ఫైర్ స్టేషన్‌కు ఫోన్ వచ్చిన ప్రతిసారీ రిజిస్టర్‌లో ఒక వరుస పెరుగుతుంది. కాల్ ఎన్ని గంటలకు వచ్చింది, బండి ఎప్పుడు బయల్దేరింది, ఎప్పుడు చేరింది, ఏం కాలింది, కారణం ఏమిటి, ఎంత ఆస్తి పోయింది, ఎంత కాపాడారు. వరంగల్‌లోనైనా, జమ్మికుంటలోనైనా, మంచిర్యాలలోనైనా రాసేది దాదాపు ఇదే. అక్కడి నుంచి ఆ వివరాలు జిల్లా ఆఫీసుకు, ఆపైన హైదరాబాద్‌కు వెళ్తాయి. ఏడాది చివర రాష్ట్రం మొత్తానికి కలిపి కొన్ని అంకెలుగా పేపర్‌లో వస్తాయి. రాసిన ఫైర్‌మ్యాన్ చేతికి మాత్రం ఆ లెక్క తనకు పనికొచ్చే రూపంలో తిరిగి రావడం అరుదు.

ఫైర్ సిబ్బందికి డేటా చదవడం, విశ్లేషించడం నేర్పాలన్న మాట ఈ మధ్య చాలా దేశాల్లో గట్టిగా వినిపిస్తోంది. ఇది హఠాత్తుగా పుట్టిన ముచ్చట కాదు. దీని వెనక యాభై ఏళ్ల అనుభవం ఉంది, అందులో చేదు అనుభవాలే ఎక్కువ.

ముందు మన దేశం కథ చూద్దాం. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో పత్తి బేళ్లతో, పేలుడు పదార్థాలతో ఉన్న ఫోర్ట్ స్టికిన్ ఓడ పేలి వందల మంది చనిపోయారు. వారిలో ఫైర్ సిబ్బంది కూడా పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఏటా ఏప్రిల్ 14 నుంచి మనం జరుపుకునే అగ్నిమాపక వారోత్సవాలు వాళ్ల స్మృతిలోనే. స్వాతంత్ర్యం వచ్చాక 1955లో కేంద్రం అగ్నిమాపక సలహా సంఘాన్ని వేసింది. 1956లో జాతీయ ఫైర్ సర్వీస్ కాలేజీ రాంపూర్‌లో మొదలై, మరుసటి ఏడాది నాగ్‌పూర్‌కు మారింది. పంపు, హోస్, నిచ్చెన, తాడు ముడులు, పొగలో నడక: శిక్షణ అంటే ప్రధానంగా ఇవే. అవి లేకపోతే ప్రాణాలు పోతాయి కాబట్టి ఆ ప్రాధాన్యం న్యాయమైనదే.

అయితే అగ్నిమాపక సేవ రాష్ట్రాల బాధ్యత. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ దాన్ని మున్సిపాలిటీలకు అప్పగించదగ్గ పనుల జాబితాలో చేర్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1999లో ఫైర్ సర్వీస్ చట్టం చేసుకుంది, తెలంగాణ వచ్చాక అదే ఇక్కడా కొనసాగింది. ఎవరి చట్టం వారిది, ఎవరి ఫారం వారిది. దేశం మొత్తానికి కనిపించే లెక్క జాతీయ నేర గణాంకాల సంస్థ ప్రమాద మరణాల నివేదికలోది. అది పోలీసుల ద్వారా వచ్చే లెక్క, చూసేది ముఖ్యంగా ప్రాణనష్టాన్ని. ఎవరూ చనిపోకుండా ఆర్పేసిన గడ్డివాము మంటకో, జిన్నింగ్ మిల్లు మంటకో అందులో చోటుండదు. ఫైర్ సిబ్బంది బాగా చేసిన పని ఆ లెక్కలో దాదాపు కనిపించనే కనిపించదు.

ఇక అమెరికా సంగతి. అక్కడ 1973లో ఒక జాతీయ కమిషన్ దేశం ఎంతగా తగలబడుతోందో చెబుతూ నివేదిక ఇచ్చింది. మరుసటి ఏడాదే చట్టం వచ్చింది, దాని వెంట ఫైర్ కాల్స్ వివరాలను జాతీయ స్థాయిలో ఒకచోట చేర్చే వ్యవస్థ వచ్చింది. స్టేషన్లు పంపే వివరాలు చేరడానికే చాలాకాలం పట్టడం, కారణం గడిలో ‘తెలియదు’ అని ఎక్కువగా ఉండటం దశాబ్దాల పాటు దాన్ని వేధించాయి. ఇప్పుడు దాని స్థానంలో కొత్త వ్యవస్థను తెచ్చారు.

ఆ దేశం నుంచి మనం శ్రద్ధగా నేర్చుకోవాల్సిన పాఠం న్యూయార్క్‌ది. 1960ల చివర్లో ఆ నగరం రాండ్ అనే పరిశోధన సంస్థను పిలిచి, ఫైర్ బండ్లు ఎక్కడ ఉండాలో లెక్కగట్టమంది. వాళ్లు తేల్చిన సూత్రాల్లో ఒకటి ఇప్పటికీ వాడుకలో ఉంది: ఒక ప్రాంతంలో బండ్ల సంఖ్యను నాలుగింతలు చేస్తే, బండి మంట దాకా వెళ్లాల్సిన సగటు దూరం సగమవుతుంది. దీన్నే తిప్పి చూస్తే, స్టేషన్లు దగ్గరదగ్గరగా ఉన్న చోట ఒకటి తీసేసినా దూరం పెద్దగా పెరగదు. నగరం చేతిలో డబ్బు లేని 1970లలో ఇలాంటి లెక్కల ఆధారంగా సౌత్ బ్రాంక్స్ లాంటి పేదల వాడల్లో ఫైర్ యూనిట్లను మూసేశారు. అక్కడ స్టేషన్లు దగ్గరగా పెట్టిందే మంటలు ఎక్కువ కాబట్టి. దగ్గర్లోని బండి అప్పటికే ఇంకో మంట మీద ఉంటే, కాగితం మీది దూరం వల్ల ఉపయోగం లేదు. ఆ దశాబ్దంలో బ్రాంక్స్‌లో వాడలకు వాడలే కాలిపోయాయి. దానికి ఇళ్ల యజమానుల నిర్లక్ష్యం, పేదరికం లాంటి కారణాలు చాలా ఉన్నాయి. ఆ వాడల్లో రాత్రింబగళ్లు పరుగెత్తిన సిబ్బందికి ఈ లెక్కను ప్రశ్నించే చదువు ఉండి, వాళ్ల మాట వినే వేదిక ఉండి ఉంటే మూసివేతల నిర్ణయం అంత సులభంగా జరిగేది కాదని నా గట్టి నమ్మకం.

అదే నగరంలో 2007 ఆగస్టులో కూల్చివేతలో ఉన్న డాయిష్ బ్యాంక్ భవనంలో మంటలు లేచి ఇద్దరు ఫైర్‌ఫైటర్లు చనిపోయారు. పై అంతస్తులకు నీళ్లు అందించే పైపు కింద తెగి ఉంది. నిబంధన ప్రకారం పదిహేను రోజులకోసారి జరగాల్సిన తనిఖీ జరగలేదు. ఆ తర్వాతే ఏ భవనం ఎంత ప్రమాదకరమో లెక్కగట్టి, ముందు వాటినే తనిఖీ చేసే పద్ధతి అక్కడ ఊపందుకుంది. ‘ఫైర్‌ఫైటర్‌కు డేటా’ అన్న ఆలోచనకు ఇంత ఆదరణ రావడానికి ఆ ఇద్దరి చావు ఒక ముఖ్య కారణం.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. ఉత్తర తెలంగాణలో ఈ చదువు ఎందుకు అవసరమో చెప్పడానికి జిల్లాల విభజన ఒక్కటి చాలు. 2016 అక్టోబర్ 11న పాత వరంగల్ జిల్లా ఐదు జిల్లాలైంది. 2019లో ములుగు వేరుపడింది. 2021లో వరంగల్ అర్బన్ పేరు హన్మకొండగా, వరంగల్ రూరల్ పేరు వరంగల్‌గా మారాయి. స్టేషన్ కదల్లేదు, కానీ అది ఏ జిల్లా కిందికి వస్తుందన్నది మారింది. 2015 నాటి ‘వరంగల్ జిల్లా’ కాల్స్‌ను ఈనాటి ‘వరంగల్ జిల్లా’ కాల్స్‌తో పోల్చితే ప్రమాదాలు అమాంతం తగ్గినట్టు కనిపిస్తుంది. తగ్గింది జిల్లా విస్తీర్ణం. స్టేషన్‌వారీగా పోల్చాలని తెలిసినవాళ్లు ఈ పొరపాటు చేయరు.

మేడారం జాతర రెండేళ్లకోసారి వస్తుంది. 2024 ఫిబ్రవరిలో జరిగింది, తర్వాత 2026 జనవరిలో. జాతర ఉన్న ఏడాదిని లేని ఏడాదితో పోల్చి ‘కాల్స్ పెరిగాయి’ అనడం అన్యాయం. జాతరను జాతరతోనే పోల్చాలి. తాడ్వాయి అడవి దారిలో డ్యూటీ చేసిన డ్రైవర్ ఆపరేటర్‌కు ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. ఆయనకు తెలిసిన విషయాన్ని పట్టికలో చూపించడమే నేర్పాలి.

పత్తి సంగతి ఇంకా చిక్కు. అక్టోబర్ నుంచి ఎనుమాముల, జమ్మికుంట, ఆదిలాబాద్ మార్కెట్లకు పత్తి వస్తుంది, జిన్నింగ్ మిల్లులు నడుస్తాయి. పత్తి మంట పైకి ఆరినట్టే ఉండి లోపల రాజుకుంటూనే ఉంటుంది. రాత్రి ఆర్పిన కుప్ప తెల్లారి మళ్లీ అంటుకుంటే అది కొత్త కాల్ అవుతుందా, పాతదానికి కొనసాగింపా? ఒక స్టేషన్ ఒకలా, ఇంకో స్టేషన్ ఇంకోలా రాస్తే రెండింటినీ పోల్చలేం. కారణం గడిలోనూ ఇదే ఇబ్బంది. పత్తిలో కలిసొచ్చిన ఇనుప ముక్కో రాయో యంత్రంలో పడి నిప్పురవ్వ లేచినా, బీడీ ముక్క పడినా, చాలాసార్లు ‘షార్ట్ సర్క్యూట్’ అన్న మాటతోనే కథ ముగుస్తుంది. కారణం తప్పుగా పడితే నివారణా తప్పు దారిలోనే పోతుంది: అయస్కాంతాలు పెట్టించాల్సిన మిల్లులో వైరింగ్ మార్పించి వస్తారు.

స్పందన సమయం మరొకటి. 2011-12లో కేంద్ర హోం శాఖ చేయించిన దేశవ్యాప్త అధ్యయనం పట్టణాల్లో 5 నుంచి 7 నిమిషాలు, పల్లెల్లో 20 నిమిషాలను ప్రమాణంగా తీసుకుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే బండి 20 నిమిషాల్లో 13 కిలోమీటర్లు దాటగలదు. ఏటూరునాగారం, ఆసిఫాబాద్ వైపు పల్లెల్లో ఈ దూరం ఎంత చిన్నదో అక్కడివాళ్లకు తెలుసు. పైగా సగటు మోసం చేస్తుంది. ఒక స్టేషన్ బండి ఐదు కాల్స్‌కు 6, 7, 8, 9, 40 నిమిషాల్లో చేరిందనుకుందాం. సగటు 14. మధ్యన ఉన్న అంకె 8. 14 చూసిన అధికారి స్టేషన్ మొత్తాన్నీ మందలిస్తాడు. విడివిడిగా చూడటం తెలిసిన లీడింగ్ ఫైర్‌మ్యాన్ ఆ 40 నిమిషాల ఊరి పేరు, ఆ దారిలోని వాగు పేరు చెప్పగలడు.

ఈ ప్రాంతంలో లెక్క కొంత బాగా నడుస్తున్నది అడవి మంటల విషయంలో. భారత అటవీ సర్వే సంస్థ ఉపగ్రహాల నుంచి నిప్పు జాడలు పట్టి అటవీ సిబ్బంది ఫోన్లకు హెచ్చరికలు పంపుతోంది. కవ్వాల్ అడవుల్లో ఇప్పపువ్వు ఏరడం కోసం చెట్టు కింద ఆకులు కాల్చినా, తునికాకు చిగుళ్ల కోసం నిప్పు పెట్టినా ఉపగ్రహం కంట పడొచ్చు. పొలంలో వరికొయ్యలు కాల్చినా పటం మీద అదే చుక్క పడుతుంది. చుక్కను చూసి ఏది ఏమిటో చెప్పగలిగేది ఆ నేల తెలిసినవాళ్లే.

2023లో కేంద్రం రాష్ట్రాల అగ్నిమాపక సేవల ఆధునికీకరణకు 5,000 కోట్ల రూపాయల పథకం ప్రకటించింది. బండ్లు, పరికరాలు కొనడం కంటికి కనిపించే ఖర్చు, అది అవసరం కూడా. అందులో కొంత భాగం వట్టినాగులపల్లి శిక్షణ కేంద్రంలో ఈ పాఠాలకూ వెళ్లాలి. పాఠ్యపుస్తకం కొత్తగా రాయనక్కర్లేదు. ప్రతి స్టేషన్ పాత రిజిస్టర్లను పదేళ్లవి కంప్యూటర్‌కు ఎక్కించి, అదే స్టేషన్ సిబ్బంది చేతికిచ్చి, తెలుగులో చెప్పాలి. వరంగల్‌లోనే ఉన్న ఎన్ఐటీ, కాకతీయ విశ్వవిద్యాలయాల విద్యార్థులు పక్కన కూర్చుని సాయం చేయొచ్చు. స్టేషన్ ఫైర్ ఆఫీసర్ దగ్గరే ఆపకుండా ఫైర్‌మ్యాన్ దాకా, డ్రైవర్ దాకా తీసుకెళ్లాలి. కారణం గడిలో ‘ఇంకా తేలలేదు’ అని నిజాయితీగా రాసినవాడిని పైఅధికారి తప్పుపట్టకూడదన్నది ఆ శిక్షణలో అధికారులకు చెప్పాల్సిన మొదటి పాఠం.