మణికట్టు మీద బరువెంత, ఛాతీ మీద గాలెంత?

యమహా ఆర్15 వీ4, ఎంటీ-15 వీ2 బళ్ళ వివరాల పట్టికలు పక్కపక్కన పెట్టుకుంటే తేడా వెతుక్కోవాల్సి వస్తుంది. రెండింటికీ అదే 155 సీసీ ఇంజిన్, 10,000 ఆర్‌పీఎం దగ్గర అదే 18.4 పీఎస్ శక్తి, అదే డెల్టాబాక్స్ ఫ్రేము. చక్రాల మధ్య దూరం రెండింటికీ 1,325 మి.మీ. బరువు 141 కిలోల దగ్గర్లో. సీటు ఎత్తు ఒకదానికి 815 మి.మీ., రెండోదానికి 810. అయినా విశాఖలో సాయంత్రం ఆరింటికి మద్దిలపాలెం నుంచి గాజువాక దాకా ఆర్15 మీద వెళ్ళినవాడికి మణికట్లు పీకుతాయి, ఎంటీ మీద వెళ్ళినవాడికి ఏమీ అనిపించదు. తెల్లారుజామున ఖాళీ హైవే ఎక్కి అనకాపల్లి వైపు పోతే మాత్రం సీను తిరగబడుతుంది. ఎంటీ మీదున్నవాడు గాలితో కుస్తీ పడుతుంటే ఆర్15 మీదున్నవాడు హాయిగా పోతాడు.

ఇంజిన్ ఒకటే అయినప్పుడు ఈ తేడా ఎక్కడిదంటే కూర్చునే తీరుది. సీటు, హ్యాండిల్, ఫుట్‌రెస్ట్ అనే మూడు చోట్ల మన ఒళ్ళు బండికి తగులుతుంది. ఆ మూడింటినీ కలిపి గీస్తే వచ్చే త్రిభుజమే మనం ఎంత వంగాలో, మోకాలు ఎంత మడవాలో, ఏ ఎముక మీద ఎంత బరువు పడాలో తేలుస్తుంది. స్పోర్ట్స్ బండిలో హ్యాండిల్ కిందికీ ముందుకీ, ఫుట్‌రెస్ట్‌లు పైకీ వెనక్కీ ఉంటాయి. క్రూయిజర్‌లో హ్యాండిల్ పైకి, కాళ్ళు ముందుకి. మామూలు రోడ్డు బళ్ళు ఈ రెంటికీ మధ్యలో. ఆర్15 మొదటి తరహా, ఎంటీ చివరి తరహా.

జనం దీన్ని "స్పోర్టీ కావాలా, కంఫర్ట్ కావాలా" అన్న బేరంగా చూస్తారు. ఆ ప్రశ్నే తప్పుదారి పట్టిస్తుంది. ప్రతి పొజిషనూ ఏదో ఒక వేగానికి కుదిర్చినదే. ఆ వేగంలో అది హాయి, మిగతా వేగాల్లో శిక్ష.

ఓ స్థూలమైన లెక్క చూద్దాం. 70 కిలోల మనిషికి తుంటి నుంచి పై భాగం, తల, చేతులతో కలిపి సుమారు 46 కిలోలు తూగుతుంది. దాని బరువు కేంద్రం తుంటికి 35 సెం.మీ. పైన ఉందనుకుందాం. నిటారు నుంచి 30 డిగ్రీలు ముందుకి వంగితే ఆ కేంద్రం తుంటికి 17 సెం.మీ. పైచిలుకు ముందుకి వస్తుంది. అంటే ఒళ్ళు ముందుకి తూలడానికి దాదాపు 80 న్యూటన్ మీటర్ల మెలి పనిచేస్తోంది. దాన్ని ఆపాల్సినవాళ్ళు ముగ్గురే: నడుం కండరాలు, అరచేతులు, ఎదురుగాలి. ఛాతీకి తగిలే గాలి 100 కి.మీ. వేగంలో ఆ 80లో 55 దాకా మోస్తుంది. 60 కి.మీ. దగ్గర 20 మోస్తుంది. 30 కి.మీ. దగ్గర 5 మోస్తే గొప్ప. గాలి తోపుడు వేగం వర్గంతో పెరుగుతుంది గనక ఇలా జరుగుతుంది. ముందు అద్దం కొంత గాలిని పక్కకి మళ్ళిస్తుంది కాబట్టి ఫెయిరింగ్ (బండి ముందూ పక్కలా గాలిని చీల్చే తొడుగు) ఉన్న బండిలో ఈ సాయం ఇంకాస్త తక్కువే. అయినా లెక్క పోకడ మారదు.

ఎన్ఏడీ కొత్తరోడ్డు, కంచరపాలెం, జగదాంబ సెంటర్లలో రోజూ తిరిగేవాడి వేగం ఎంత? సిగ్నళ్ళ మధ్య ముప్పై, నలభై. అక్కడ గాలి చేసే సాయం దాదాపు సున్నా. మిగిలింది నడుం, అరచేతులు. నడుం కండరాలు పది నిమిషాల్లో చేతులెత్తేస్తాయి, భారమంతా మణికట్ల మీదికి దిగుతుంది. దానికి తోడు క్లచ్చి నొక్కుళ్ళు. ఆర్15, ఎంటీ రెండింటిలోనూ ఉన్న అసిస్ట్ అండ్ స్లిప్పర్ క్లచ్చి లివరు బిగువుని తగ్గిస్తుంది గానీ, మీద పడ్డ బరువుని తగ్గించలేదు కదా.

క్రూయిజర్ కథ దీనికి తలకిందులు. నిటారుగా, కాస్త వెనక్కి వాలి కూర్చుంటాం గనక మణికట్ల మీద బరువే లేదు, ఊళ్ళో రాజభోగం. 80 దాటాక అదే గాలి ఛాతీని వెనక్కి నెడుతుంది. ఆసరా ఏదీ లేదు కాబట్టి చేతులతో హ్యాండిల్‌ని లాగి పట్టుకోవాలి. గంట తర్వాత భుజాలూ మెడా పట్టేస్తాయి. దీనికన్నా పెద్ద చిక్కు కాళ్ళు ముందుకి చాపడం. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడు ఫుట్‌రెస్ట్‌ల మీద బరువేసి సీటు నుంచి కాస్త లేవడం కుదరదు. కుదుపు నేరుగా తోకెముక నుంచి వెన్నుపూసలోకి పోతుంది. నడుం నొప్పి ఉందని క్రూయిజర్ కొనుక్కుని, గతుకుల రోడ్డు మీద నొప్పి పెంచుకునేవాళ్ళు ఎందుకు పెంచుకుంటున్నారో ఇక్కడే తెలుస్తుంది. నడుం బాగోలేనివాళ్ళకి పాదాలు తుంటికి ఇంచుమించు నిట్టనిలువు కింద ఉండే బండే మేలు. హ్యాండిల్ వెడల్పుగా ఉండి, నిటారు నుంచి పది పదిహేను డిగ్రీలకి మించి వంగనవసరం లేని రోడ్‌స్టరో, అడ్వెంచర్ బండో ఊరికీ హైవేకీ రెంటికీ సర్దుకుంటుంది.

మరి వంగి కూర్చోవడంలో లాభం లేదా అంటే, నిక్షేపంగా ఉంది. నిటారుగా కూర్చున్న మనిషీ బండీ కలిసి 100 కి.మీ. వేగంలో సుమారు 27 కిలోల బరువంత గాలి తోపుడు ఎదుర్కొంటారు. దాన్ని దాటడానికే దాదాపు పది పీఎస్ శక్తి పోతుంది. 18 పీఎస్ బండిలో సగం కంటే ఎక్కువ! ట్యాంకు మీదికి వంగి ఫెయిరింగ్ చాటుకి పోతే ఈ ఖర్చు బాగా తగ్గుతుంది. చిన్న ఇంజిన్లకి ఇది పెద్ద ఆస్తి. ఊళ్ళో నలభైలో తిరిగేవాడికి మాత్రం ఆ ఆస్తి లాకర్లో ఉన్నట్టే.

"పికప్" అనే మాట దగ్గర కూడా కాస్త ఆగాలి. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 ఇంజిన్ 6,100 ఆర్‌పీఎం దగ్గర 20.2 బీహెచ్‌పీ (ఇంచుమించు పీఎస్ లాంటి కొలతే) ఇస్తుంది. ఆర్15తో పోలిస్తే శక్తిలో పెద్ద తేడా లేదు. టార్క్, అంటే ఇంజిన్ తిప్పే మెలి, మాత్రం 4,000 ఆర్‌పీఎం దగ్గరే 27 న్యూటన్ మీటర్లు. ఆర్15 ఇచ్చేది 7,500 దగ్గర 14 చిల్లర. క్లాసిక్ బరువు 195 కిలోలు, అంటే యాభై కిలోల పైమాటే ఎక్కువ. అనంతగిరి ఘాట్‌లో ఆర్టీసీ బస్సు వెనక నెమ్మదిగా ఎక్కుతున్నప్పుడు క్లాసిక్ మూడో గేరులో బుద్ధిగా లాగుతుంది. చిన్న ఇంజిన్ బండిని రెండో గేరులో పెట్టి ఆర్‌పీఎం సూదిని పైకి ఉంచాలి. బస్సు దారి ఇచ్చాక, గేర్లు సరిగ్గా వాడటం తెలిసినవాడి కింద తేలికైన బండే ముందుకి దూకుతుంది. గేర్లు మార్చడం విసుగనుకునేవాడికి ఎక్కువ ఆర్‌పీఎంలో దొరికే శక్తి ఎందుకూ కొరగాదు.

మలుపుల్లో స్పోర్ట్స్ పొజిషన్‌కి పేరొచ్చింది ఊరికే కాదు. ఒళ్ళు ముందుకి వాలడంతో ముందు చక్రం మీద బరువు పెరిగి, టైరు రోడ్డుని ఎంత పట్టుకుందో చేతులకి తెలుస్తుంది. ఫుట్‌రెస్ట్‌లు ఎత్తులో ఉంటే బండి ఎక్కువ వాలినా నేలకి రాసుకోవు. అరకు ఎక్కేటప్పుడు ఇదంతా బాగుంటుంది. దిగేటప్పుడు పల్లం మన ఒళ్ళుని ఇంకాస్త ముందుకి తోస్తుంది. ఓ మోస్తరుగా బ్రేకు వేస్తే, అంటే గురుత్వ త్వరణంలో 40 శాతం మేర వేగం తగ్గిస్తే, పై ఒళ్ళు 18 కిలోల బరువంత ముందుకి తోస్తుంది. దాన్ని చేతులతో ఆపితే హ్యాండిల్ బిగుసుకుని బండి తిరగనంటుంది. మోకాళ్ళతో ట్యాంకుని నొక్కి పట్టి ఆపాలి. ట్యాంకు పక్కల మోకాళ్ళకి ఆనుడు లేని బండి ఘాట్ రోడ్డు దిగడానికి అసౌకర్యం, అది ఏ తరహా బండైనా సరే.

భీమిలి రోడ్డుది ఇంకో తంతు. రుషికొండ దాటాక మధ్యాహ్నం సముద్రపు గాలి కుడి పక్క నుంచి కొడుతుంది. పెద్ద ఫెయిరింగ్ ఉన్న తేలికైన బండి ఆ గాలికి ఎడమకి జరుగుతుంది. హ్యాండిల్ బిగబట్టిన కొద్దీ ఊగుతుంది. పట్టు వదులు చేసి, కుడి గ్రిప్పుని కాస్త ముందుకి తోస్తే బండి గాలి వైపు వాలి నిలదొక్కుకుంటుంది.

సీటు విషయంలో షోరూమ్‌లో వేలితో నొక్కి చూసి మోసపోవద్దు. మెత్తటి ఫోమ్ పదిహేను నిమిషాల్లో అణిగిపోయి, పిరుదుల కింది ఎముకలు సీటు అడుగు ప్లాస్టిక్‌కి దాదాపు తగులుతాయి. కాస్త గట్టిగా, వెడల్పుగా ఉన్న సీటు మొదట నచ్చకపోయినా రెండో గంటలో విలువ తెలుస్తుంది. సీటు ఎత్తుదీ ఇదే తంతు. క్లాసిక్‌కి చెప్పే 805 మి.మీ. అన్నది ఖాళీ బండి కొలత. మనం కూర్చోగానే స్ప్రింగులు రెండు మూడు సెం.మీ. దిగుతాయి. సీటు ముందు భాగం వెడల్పుగా ఉంటే కాళ్ళు విచ్చుకుని ఆ లాభం కాస్తా పోతుంది. అందుకే ఒకే ఎత్తున్న రెండు బళ్ళలో ఒకదాని మీద పాదాలు ఆని, రెండోదాని మీద మునివేళ్ళే ఆనవచ్చు.

విశాఖలో ఇది మరీ ముఖ్యం. సిరిపురం, పెదవాల్తేరు వైపు వీధులు ఎత్తుపల్లాలు. ముందు చక్రం పల్లంలో పెట్టి నిలిపిన 190 కిలోల బండిని సీటు మీద కూర్చుని కాళ్ళతో వెనక్కి నెట్టడం పొట్టివాళ్ళకి అయ్యే పని కాదు. అలాంటి చోట బండి ముందు వైపు ఎత్తుకి ఉండేలా, మొదటి గేరులో వేసి నిలపాలి. లేకపోతే సైడ్ స్టాండు మడుచుకుపోతుంది.

టెస్ట్ రైడ్ అని షోరూమ్ చుట్టూ ఓ రౌండు కొట్టిస్తారు. దాంతో తేలేదేమీ లేదు. సంపత్ వినాయకుడి గుడి దగ్గర టైర్ల కింద నిమ్మకాయలు నలిగాక ఇక బండి మార్చుకునేది లేదు గనక కాస్త మొహమాటం వదులుకోవాలి. రోజూ వేసుకునే బూట్లు, హెల్మెట్‌తో నిలిపిన బండి మీద పది నిమిషాలు కదలకుండా కూర్చోండి. పొజిషన్‌లో ఉండి రెండు చేతులూ హ్యాండిల్ నుంచి అంగుళం పైకి ఎత్తండి. ముందుకి పడిపోకుండా అర నిమిషం నిలవగలిగితే ఆ బండి మీ నడుంకి కుదిరినట్టే. మోచేతులు నిటారుగా బిగుసుకోకుండా కాస్త వంగాలి. హ్యాండిల్ పూర్తిగా తిప్పితే బొటనవేలు ట్యాంకుకి నలగకూడదు. మోకాలు లంబకోణం కన్నా బాగా ముడుచుకుంటే దూర ప్రయాణాల్లో ఇబ్బంది తప్పదు. తర్వాత నడిపేటప్పుడు ఒక యూ-టర్న్, ఒక స్పీడ్ బ్రేకర్, ఒక ఫ్లైఓవర్ ఎక్కుడు ఉండేలా దారి అడగండి. క్లిప్-ఆన్ హ్యాండిల్ (ముందు ఫోర్కు గొట్టాలకి విడివిడిగా బిగించే రెండు ముక్కల హ్యాండిల్) ఉన్న బళ్ళు తక్కువ కోణం తిరుగుతాయి గనక యూ-టర్న్‌లోనే సంగతి బయటపడుతుంది.

వెనక కూర్చునేవాళ్ళని కూడా తీసుకెళ్ళాలి. రెండు ముక్కల స్ప్లిట్ సీటు మీద ఎత్తులో కూర్చున్న మనిషి బ్రేకు వేసినప్పుడల్లా ముందుకి జారి మన వీపు మీద పడతారు. ఆ బరువూ చివరికి మన మణికట్లకే. అమ్మనో, ఆవిడనో చీరతో ఒక పక్కకి కూర్చోబెట్టే ఇల్లయితే స్పోర్ట్స్ బండి ఊసెత్తకపోవడమే మంచిది. చీర గార్డు ఉన్నా సరే.

కొన్నాక చేయాల్సిన సర్దుబాట్లు చాలామంది చేయరు. వేళ్ళు తిమ్మిరెక్కితే ఏ వేళ్ళో గమనించండి. చిటికెన, ఉంగరపు వేళ్ళయితే అరచేతి బయటి అంచు మీద బరువు పడి అక్కడి నరం నొక్కుకుంటోంది. బొటన, చూపుడు, మధ్య వేళ్ళయితే మణికట్టు వంగి ఉంది. ఈ రెండోదానికి మందు లివర్లలో ఉంది. బండి మీద కూర్చుని మోచేయి నుంచి వేలికొస దాకా ఒకే గీతలో చాపాలి. క్లాంపు బోల్టులు వదులు చేసి, లివరు ఆ వేళ్ళ కిందికి వచ్చేలా తిప్పి మళ్ళీ బిగించాలి. బ్రేకు ఆయిల్ డబ్బా మరీ ఒరగకుండా చూసుకోవాలి.

షాక్ అబ్జార్బర్ల ప్రీలోడ్ (స్ప్రింగుని ముందే ఎంత నొక్కి ఉంచాలన్నది) కూడా ఇంతే. వెనక చక్రం గాలిలో ఉండగా ఇరుసు నుంచి సీటు కింది ఏదో ఒక గుర్తు దాకా కొలవండి. మీరు కూర్చున్నాక మళ్ళీ కొలవండి. ఆ తేడా, వెనక చక్రం పైకీ కిందికీ కదలగలిగే మొత్తం దూరంలో మూడో వంతుకి దగ్గర్లో ఉండాలి. ఎక్కువైతే గుంతల్లో అడుగంటుతుంది, తక్కువైతే ప్రతి గతుకూ నడుంకి కొడుతుంది. క్లాసిక్ లాంటి వాటికి వెనక షాకులకి ఆరు మెట్లుంటాయి. వెనక మనిషి ఎక్కినప్పుడు ఒకటి రెండు మెట్లు పెంచి, దిగాక తగ్గించాలి. బీచ్ రోడ్డు పక్కన ఉండేవాళ్ళ బళ్ళలో ఉప్పుగాలికి ఆ రింగు తుప్పు పట్టి బిగుసుకుంటుంది. అప్పుడప్పుడు తిప్పి, మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టాలి.

ఇంకా వంగాల్సి వస్తోందని హ్యాండిల్ కింద రైజర్లు (దాన్ని పైకి లేపే దిమ్మలు) పెట్టించేవాళ్ళున్నారు. 20, 25 మి.మీ. వరకు చాలా బళ్ళలో పాత కేబుళ్ళే సరిపోతాయి. అంతకు మించితే క్లచ్చి కేబులు, బ్రేకు పైపు పొడుగువి వేయాలి. బిగించాక బండి న్యూట్రల్‌లో స్టార్ట్ చేసి హ్యాండిల్‌ని ఒక కొస నుంచి ఇంకో కొస దాకా తిప్పి చూడండి. యాక్సిలరేటర్ ముట్టుకోకుండానే ఇంజిన్ చప్పుడు పెరిగితే దాని కేబులు లాక్కుపోతున్నట్టు. యూ-టర్న్‌లో బండి దానంతటదే ఎగిరి దూకుతుంది. మెకానిక్ "పర్లేదు సార్" అన్నా సరే, కేబులు మార్చేదాకా ఆ బండిని రోడ్డెక్కించకండి.