మాగ్నమ్ అనే మాట కన్నా అంగుళాలే ముఖ్యం

ప్రియమైన పిల్లలకు,

ఆశీస్సులు. అమెరికాలో ఉన్న మీలో కొందరు హంటర్ ఎడ్యుకేషన్ క్లాసులకు, క్లే టార్గెట్ (గాల్లోకి విసిరే మట్టి బిళ్లల్ని కాల్చే) రేంజ్‌లకు వెళ్తున్నారు. అక్కడ 12 గేజ్ షాట్‌గన్ షెల్స్ (చిన్న గుళ్లు నింపిన తూటాలు; గేజ్ అంటే గొట్టం వెడల్పు కొలత, అంకె పెరిగితే గొట్టం సన్నబడుతుంది) పెట్టెల మీద "మాగ్నమ్" అని కనిపిస్తుంది. ఆ మాట దగ్గరే చాలామంది పొరబడతారు.

మామూలు షెల్ పొడవు 2¾ అంగుళాలు. మాగ్నమ్‌లు 3, 3½ అంగుళాలవి. వాటిలో ముఖ్యంగా పెరిగేది వేగం కాదు, గుళ్ల బరువు. మామూలు షెల్‌లో 1 నుంచి 1¼ ఔన్సుల సీసపు గుళ్లుంటే, 3 అంగుళాల దాంట్లో 1⅞ ఔన్సుల దాకా పడతాయి. తోయాల్సిన బరువు పెరిగింది కాబట్టి వేగం చాలాసార్లు సెకనుకు 1200 అడుగుల దగ్గరే ఉంటుంది. ఒక్కో గుండు ఎక్కువ దూరమేమీ పోదు, అదే చోట ఎక్కువ గుళ్లు పడతాయి. 2¾ పొడవులోనే 1½ ఔన్సులు కూరిన మాగ్నమ్ కూడా దొరుకుతుంది. అందుకే అంగుళాలు చూడమంటున్నాను.

అసలు ప్రమాదం ఇక్కడుంది. షెల్ మీద రాసే పొడవు, మూతి మడత విచ్చుకున్న తర్వాతది. కాల్చని 3 అంగుళాల షెల్ మూతి లోపలికి మడిచి ఉంటుంది కనుక 2¾ అంగుళాల ఛాంబర్‌లో (తుపాకీలో షెల్ కూర్చునే గదిలో) చక్కగా ఇమిడిపోతుంది, తుపాకీ మూసుకుంటుంది కూడా. కాల్చినప్పుడు మాత్రం మడత విచ్చుకోవడానికి చోటుండదు. గొట్టం (బారెల్) సన్నబడే చోట అది అడ్డుపడి ఒత్తిడి హద్దు దాటుతుంది. తుపాకీ దెబ్బతినవచ్చు, చేతులూ కళ్లూ పోవచ్చు. పట్టింది కదా అని ఎన్నడూ కాల్చకండి. బారెల్ పక్కన చెక్కిన గేజ్, పొడవు చదవండి. పొట్టి షెల్‌ను పొడుగు ఛాంబర్‌లో వాడవచ్చు, పొడుగుదాన్ని పొట్టిదాంట్లో వాడకూడదు. చెక్కింది అరిగిపోయిన పాత తుపాకీ అయితే గన్‌స్మిత్ ఛాంబర్ కొలిచేదాకా పక్కన పెట్టండి.

20 గేజ్ షెల్ పసుపు రంగులో ఎందుకుంటుందో తెలుసా? చూడగానే తేడా తెలియాలని. అది పొరపాటున 12 గేజ్‌లో పడితే జారి బారెల్‌లో ఇరుక్కుంటుంది. ఖాళీ అనుకుని వెనకాల ఇంకోటి పెట్టి కాలిస్తే బారెల్ పగులుతుంది. జేబులో రెండు రకాలూ కలపకండి.

నీటి పక్షుల వేటకు సీసపు గుళ్లను అమెరికా అంతటా 1991లో నిషేధించారు. వాటి బదులు వాడే ఉక్కు సీసం కన్నా తేలిక కాబట్టి పెద్ద గుళ్లు వాడాలి, అవి ఎక్కువ చోటు తింటాయి. బాతుల వేటగాళ్లు 3, 3½ అంగుళాల షెల్స్‌కు మళ్లడానికి అదొక పెద్ద కారణం.

క్లే టార్గెట్‌కు ఇవేవీ అక్కర్లేదు. బరువు పెరిగేకొద్దీ భుజానికి తగిలే దెబ్బ పెరుగుతుంది, ఆ భయంతో ట్రిగ్గర్ నొక్కే ముందే ఒళ్లు ముడుచుకుంటుంది, గురి తప్పుతుంది. మీ కోచ్ పక్కనుండగా ⅞ లేదా 1 ఔన్సు షెల్‌తో మొదలుపెట్టండి.

మీ
తాతయ్య