ఆలివ్ చెట్టు చివరి ఆయకట్టు

ఒక పాఠకురాలు రాశారు: "డాక్టరు చెప్పారని ఆలివ్ నూనె వాడుతున్నామండీ. మధ్యలో ఉన్నట్టుండి ధర మండిపోయింది. ఇటలీలో ఆలివ్ చెట్లకు ఏదో మాయరోగం వచ్చిందట, అందుకేనా?"

ధర సంగతి రెండు ముక్కల్లో తేల్చేస్తాను. అది ముఖ్యంగా స్పెయిన్‌లో వచ్చిన కరువు. 2021-22లో దాదాపు 15 లక్షల టన్నుల నూనె తీసిన ఆ దేశం మరుసటి ఏడు 7 లక్షల టన్నులు కూడా తీయలేకపోయింది. ధర పెరగక ఏం చేస్తుంది?

అయితే రోగం మాట కూడా నిజమే. బూటు ఆకారంలో ఉండే ఇటలీకి మడమ దగ్గర, పూలియా రాష్ట్రపు దక్షిణపు కొసన సాలెంతో అనే ప్రాంతం ఉంది. అక్కడ గల్లిపోలి ఊరి చుట్టుపక్కల ఆలివ్ తోటలు ఎండిపోతున్నాయని రైతులు మొత్తుకుంటుంటే, 2013 అక్టోబరులో అసలు దొంగ దొరికాడు. జైలెల్లా ఫాస్టిడియోసా అనే బ్యాక్టీరియా. అంతకుముందు యూరప్ తోటల్లో అది కాపురం పెట్టిన దాఖలా లేదు. దొరికేనాటికే సుమారు 8,000 హెక్టార్లలో పాకిపోయి ఉంది.

ఇక్కడ ఆగి, నాకు ఇష్టమైన విషయంలోకి వెళ్తాను. చెట్టు నీళ్ళు ఎలా తాగుతుందో తెలియకపోతే ఈ రోగం అర్థం కాదు. ఇంటర్ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పిన రోజుల్లో నాకు ఒళ్ళు మండే బొమ్మ ఒకటుండేది. కాండం గీసి, నీటిని మోసే దారువులో పైకి ఒక బాణం, ఆకు వండిన తిండిని మోసే పోషక కణజాలంలో కిందికి ఒక బాణం వేసి, రెండు మార్కులు ఇచ్చేసేవారు. ఆ పైకి వెళ్ళే బాణాన్ని ఎవరు నెడుతున్నారని ఏ పిల్లా అడగలేదు. అడిగే తీరిక మేమూ ఇవ్వలేదు.

తాటిచెట్టు గెల గీసి లొట్టి కడితే తెల్లారేసరికి కల్లు నిండుతుంది. అది పోషక కణజాలంలోని చక్కెర నీరు. లోపల ఒత్తిడి ఉంది కాబట్టి కోసినచోట బయటికి తన్నుకొస్తుంది. అదే, మిట్టమధ్యాహ్నం ఆలివ్ కొమ్మ నరికితే దారువులోంచి చుక్క కారదు. పైగా కోసిన మొదలు గాలిని లోపలికి లాక్కుంటుంది. గులాబీ కాడను నీళ్ళలో ముంచి కత్తిరిస్తే ఎక్కువ రోజులు వాడకుండా ఉంటుందని చెప్పేది అందుకే. దారువులోని నీటిని కింద నుంచి ఎవరూ నెట్టడం లేదు. పైనుంచి ఆకులు లాగుతున్నాయి. పత్రరంధ్రాల్లోంచి నీరు ఆవిరవుతుంటే, ఆ లాగుడు ఆకు ఈనెల నుంచి కొమ్మకు, కొమ్మ నుంచి మానుకు, మాను నుంచి వేరుకు పాకుతుంది.

మోటారు పెట్టిన రైతుకు ఈ లాగుడు బాగా తెలుసు. బావి గట్టు మీది మోటారు ఏడెనిమిది మీటర్ల లోతుకు మించి లాగలేదు. లెక్క ప్రకారం పది మీటర్ల చిల్లర. నీటిమట్టం దిగినకొద్దీ మనవాళ్ళు మోటారునే బావిలోకి దించారు. అదీ చాలక సబ్‌మెర్సిబుల్ వేశారు. అది లాగదు, అడుగు నుంచి నెడుతుంది. చెట్టుకు సబ్‌మెర్సిబుల్ లేదు. మరి వంద మీటర్ల చెట్టు ఎలా బతుకుతోంది?

కిటుకు గొట్టం సన్నదనంలో ఉంది. వెంట్రుకకన్నా సన్నని నాళాల్లో, గాలి బుడగ అనేది లేకుండా, నీటి అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని తాడులా వేలాడతాయి. తాడును ఎంత గట్టిగానైనా లాగవచ్చు, తెగనంతవరకు. బాగా ఎండిన రోజున ఆలివ్ కొమ్మల్లో ఈ లాగుడు 3, 4 మెగాపాస్కళ్ళకు చేరడం పెద్ద విశేషం కాదు. అంటే 30, 40 వాతావరణ పీడనాలంత, వ్యతిరేక దిశలో. మన కారు టైరులో గాలి ఒత్తిడి 0.2 మెగాపాస్కల్. అలాంటి చోట చిన్న బుడగ పుడితే చాలు, తాడు తెగుతుంది. ఫుట్‌వాల్వ్ దగ్గర గాలి లాగిన మోటారులా ఆ నాళం వట్టిపోతుంది. మోటారుకైతే బిందెడు నీళ్ళు పోసి మళ్ళీ స్టార్ట్ చేస్తాం. చెట్టు నాళంలో ఎవరు పోస్తారు?

అందుకని చెట్టు ముందుజాగ్రత్తగా ఒక ఏర్పాటు చేసుకుంది. నాళానికీ నాళానికీ మధ్య గోడలో సన్నని గుంటలు, వాటికి అడ్డంగా వడపోత గుడ్డలాంటి పొరలు. నీరు దూరుతుంది, బుడగ దూరదు. ఆ రంధ్రాల్లోంచి బ్యాక్టీరియా కూడా దూరలేదు. జైలెల్లా ఒంటి మందం మిల్లీమీటరులో మూడు, నాలుగు వేల వంతులో ఒకటి. అయినా ఆ గుడ్డకు అది లావే. అందుకే ఎంజైములు వదిలి గుడ్డనే కరిగిస్తుంది. పక్క నాళంలోకి వెళ్తుంది, అక్కడ పిల్లల్ని పెట్టి, జిగురు కక్కుకుని గోడకు అంటుకుంటుంది. నీటి ప్రవాహానికి ఎదురుగా కూడా సన్నని నూలుపోగుల్లాంటి కాళ్ళతో పాక్కుంటూ పోగలదు.

కాలువతో పోలిస్తే ఇంకా తేలిక. కృష్ణా డెల్టాలో కాలువకు గుర్రపుడెక్క పట్టిందనుకోండి. మొదట ఎండేది ఎవరి చేను? తూము పక్కవాడిది కాదు, నాగాయలంక వైపు చివరి ఆయకట్టువాడిది. ఆలివ్ ఆకులోనూ ముందు మాడేది కొన, అంచులు. చెట్టు మొత్తంలో చూస్తే ముందు ఎండేవి పై కొమ్మలు. ఆకు కొన చెట్టుకు చివరి ఆయకట్టు. సాలెంతో రైతులు మొదట చూసింది ఇదే, అగ్గి తగిలినట్టు మాడిన ఆకులు. కొందరు బూజు అన్నారు, కొందరు కాండం తొలిచే పురుగు అన్నారు. అవీ నిజంగానే ఉన్నాయి కాబట్టి గందరగోళం ఇంకా పెరిగింది.

పోలిక ఒకచోట తప్పుతుంది, చెప్పేయాలి. కాలువలో చివరి రైతు ఎదురుచూడటం తప్ప ఏం చేయలేడు. చెట్టులో చివరి ఆకే నీటిని లాగేది. దారి పూడినకొద్దీ అది ఇంకా గట్టిగా లాగుతుంది, లాగినకొద్దీ బుడగలు పుట్టే ప్రమాదం పెరుగుతుంది. ఇంకో దారుణం ఉంది. రోగం సంగతి పసిగట్టిన చెట్టు తన నాళాల్లోకి తానే బుడిపెలు, బంకలు పెంచి దారులు మూసుకుంటుంది. ద్రాక్షలో అయితే బ్యాక్టీరియా చేసిన పూడిక కన్నా చెట్టు తానే మూసుకున్న తూములే ఎక్కువని తేలింది.

ఇప్పుడు పురుగు దగ్గరికి వద్దాం. ఈ బ్యాక్టీరియాను చెట్టు నుంచి చెట్టుకు మోసేది సుమారు పావు అంగుళం ఉండే ఒక గెంతుడు పురుగు. దాని పిల్ల కలుపు మొక్కల మీద ఉమ్మిలాంటి నురగ చేసుకుని అందులో దాక్కుంటుంది. ఇటాలియన్లు దాన్ని స్పుతక్కీనా అంటారు, ఉమ్మిపురుగు అన్నమాట. మన మామిడి పూతకు పట్టే తేనెమంచు పురుగు దీనికి దూరపు చుట్టం. కానీ తిండి అలవాటు వేరు. తేనెమంచు పురుగు పోషక కణజాలంలోని చక్కెర నీటిని పీలుస్తుంది. అక్కడ ఒత్తిడి ఉంది, గొట్టం గుచ్చితే చాలు, రసం దానంతటదే నోట్లోకి వస్తుంది. మిగిలిన తీపి కిందికి కారుతుంది, దాని మీద నల్లటి మసి బూజు పడుతుంది. ఉమ్మిపురుగు ఎంచుకున్నది దారువు. అక్కడ నీరు బయటికి రాదు సరికదా, చెట్టు లోపలికి లాగుతోంది. చెట్టుతో తాడాట ఆడి గెలిస్తేనే గుక్కెడు నీళ్ళు.

చెట్టు లాగుడు మరీ ముదరనంతవరకు గెలుస్తుంది! 2021లో అచ్చయిన ఒక పరిశోధనలో ఈ జాతి పురుగుల పీల్చే బలాన్ని లెక్క కట్టారు. 1.3 మెగాపాస్కళ్ళ దాకా లాగగలదట. స్ట్రా వేసి కొబ్బరి బోండాం తాగే మనిషి బుగ్గలు ఎంత లోపలికి పోయినా 0.1 దాటడు, దాటలేడు. ఈ పురుగు ముఖం ముందుకు ఉబ్బినట్టుంటుంది చూడండి, అదంతా పీల్చే కండరమే. ఇంత కష్టపడి తాగేది దాదాపు ఉత్త నీరు. కాస్త పోషకం కోసం రోజుకు తన బరువుకు వంద రెట్లకు పైగా తాగి, బయటికి పోయాలి. పిల్లపురుగు ఆ నీటినే నురగగా కొట్టి ఇల్లు కట్టుకుంటుంది.

ఇక్కడే బ్యాక్టీరియాకు బండి దొరికింది. పురుగు ముందరి పేగులో, నీరు జోరుగా పారేచోటే అంటుకుని కూర్చుంటుంది. కానీ ఆ పేగు లోపలి పొర, పురుగు కుబుసం విడిచినప్పుడల్లా ఊడిపోతుంది. కాబట్టి పిల్లపురుగు ఒంట్లో చేరిన బ్యాక్టీరియా కుబుసంతో పాటే పోతుంది. తల్లి నుంచి గుడ్డుకూ రాదు. రెక్కలొచ్చిన పురుగు మాత్రం ఒకసారి అంటించుకుంటే చచ్చేదాకా మోస్తుంది. అంటే ప్రతి వసంతంలోనూ కొత్త తరం శుభ్రంగా మొదలవుతుంది. నురగలో ఉన్నప్పుడే కలుపు దున్నేస్తే కథ అక్కడే ఆగుతుంది. పూలియాలో వసంతంలో కలుపు తీయడాన్ని తప్పనిసరి చేసింది ఈ లెక్కతోనే. పిల్లపురుగు నురగను వదిలి దూరం పోలేదు, మందు కూడా అక్కర్లేదు.

ఇదంతా ఒక్క దేశం కనిపెట్టింది కాదు. కాలిఫోర్నియా ద్రాక్షతోటల్లో ఈ రోగాన్ని 1892లోనే న్యూటన్ పియర్స్ వర్ణించాడు. బ్యాక్టీరియాకు పేరు పెట్టింది 1987లో. ఫాస్టిడియోసా అంటే పేచీకోరు అని అర్థం, ల్యాబ్‌లో పెంచబోతే దానికి ఏ తిండీ ఒక పట్టాన నచ్చదు. 2000లో బ్రెజిల్‌లో సావో పౌలో ల్యాబులు చేతులు కలిపి దీని జన్యుక్రమం మొత్తం చదివాయి. మొక్కల రోగకారక బ్యాక్టీరియాల్లో అలా పూర్తిగా చదివిన మొదటిది ఇదే. వాళ్ళ బాధ బత్తాయి జాతి తోటలది.

మధ్యధరా తీరంలో ఈ పనికి ఒక అడ్డా ఉంది. 1962లో ఏడు దేశాలు కలిసి ఉన్నత వ్యవసాయ విద్యకు సిహియామ్ అనే కేంద్రం పెట్టుకున్నాయి. ఇప్పుడు సభ్యులు 13. దానికి నాలుగు విద్యాసంస్థలు: ఇటలీలో బారి, గ్రీసులో ఖానియా, ఫ్రాన్స్‌లో మోంపెలియే, స్పెయిన్‌లో సరగోసా. చేపల నుంచి గోధుమ దాకా అన్నీ వాళ్ళ పాఠాలే. సభ్యుల పట్టిక చూస్తే నవ్వొస్తుంది. గ్రీసు, టర్కీ ఒకే బల్ల దగ్గర. 2021లో మొరాకోతో దౌత్య సంబంధాలు తెంచుకున్న అల్జీరియా కూడా, మొరాకో కూడా అందులోనే. పురుగుకు పాస్‌పోర్టు లేదు మరి.

బారి సంస్థలో 2010లో ఒక శిక్షణ జరిగింది. అమెరికా ఖండాల్లో ఉన్న జైలెల్లా రేపు మనదాకా వస్తే ఎలా గుర్తుపట్టాలో రకరకాల దేశాల వాళ్ళకు నేర్పించారు. మూడేళ్ళకు నిజంగానే వచ్చింది, అదీ బారి ఉన్న ఆ పూలియా రాష్ట్రంలోనే. ఇంకేముంది, "శాస్త్రవేత్తలే తెచ్చి వదిలారు" అన్నారు. ఫైరింజన్ కొన్నవాడే ఇల్లు తగలబెట్టాడన్నట్టు! మనవైపు తోట ఎండితే దిష్టి అంటాం, గుమ్మడికాయ కడతాం. అక్కడ గుమ్మడికాయ బదులు పోలీసు కేసు. 2015 డిసెంబరులో సాలెంతోలోని లెచ్చె నగరపు ప్రాసిక్యూటర్లు శాస్త్రవేత్తలతో సహా పది మందిని విచారణలోకి లాగి, రోగం పాకకుండా మొదలుపెట్టిన చెట్ల నరికివేతను ఆపేశారు. ఐరోపా న్యాయస్థానం 2016లో, రోగపు చెట్టు చుట్టూ వంద మీటర్లలో ఉన్న మొక్కలు తీసేయమనడం సబబేనని తీర్పు చెప్పింది. విచారణ 2019లో కొట్టేశారు. ఆ మధ్యలో పురుగు మాత్రం వాయిదాల కోసం ఆగలేదు, ఉత్తరానికి గెంతుతూ పోయింది.

దిష్టి తీసేవాళ్ళ మీద నాకు కోపం లేదు. తాత నాటిన చెట్టును రంపంతో కోయమంటే ఎవడికైనా ఇంకో కారణం కావాలనిపిస్తుంది. కానీ జన్యువులు చదివితే కథ వేరేగా ఉంది. పూలియా రకం, కోస్టారికాలో దొరికిన రకం ఒకటే. అక్కడి నుంచి అలంకరణ కోసం తెచ్చే కాఫీ మొక్కల్లో ఈ బ్యాక్టీరియాను యూరప్ తనిఖీదారులు పట్టుకున్నారు కూడా. కుండీలో పచ్చగా నవ్వే మొక్క, ఆకు మాడకుండానే రోగాన్ని మోసుకొచ్చి ఉంటుంది. ఆ తర్వాత 2015లో కోర్సికా, 2016లో బలేరిక్ దీవులు, 2017లో స్పెయిన్‌లోని అలికాంతె బాదం తోటలు... అయితే అక్కడ దొరికినవి ఎక్కువగా వేరే ఉపజాతులు, అంటే వేరే దారుల్లో వచ్చినవి. ఒకరిని వేలు పెట్టి చూపించేవాళ్ళకు ఇది జవాబు. ఇప్పుడు బారి సంస్థే ముందుండి దక్షిణ, తూర్పు తీరాల దేశాల వాళ్ళకు ఇదే శిక్షణ ఇస్తోంది. ఎవరిని అనుమానిస్తారో!

నయం చేసే మందు లేదు. చెట్టు లోపల, లాగుతున్న నీటిలో, జిగురు కప్పుకుని కూర్చున్నదాన్ని ఏ స్ప్రే అందుకుంటుంది? దొరికిన ఆశ రకాల్లో ఉంది. ఓలియరోలా సాలెంతీనా, చెల్లీనా ది నార్దో అనే పాత రకాలు కూలిపోతున్న తోటల్లోనే లెచ్చీనో అనే రకం పచ్చగా నిలబడి కనిపించింది. కొలిచి చూస్తే దాని నాళాల్లో బ్యాక్టీరియా లేకపోలేదు, కానీ ఓలియరోలాతో పోలిస్తే దాదాపు నూరోవంతే. గుర్రపుడెక్క ఉంది, కాలువ పారుతోంది. ఎఫ్ఎస్-17 అనే మరో రకం కూడా అలాగే తట్టుకుంటోంది. అందుకే ఇప్పుడు వందల ఏళ్ళ నాటి మొద్దుల మీద, ముగ్గురు చేతులు చాచినా కౌగిలికి అందని మానుల మీద, లెచ్చీనో కొమ్మలను అంటు కడుతున్నారు. పాత వేర్ల నాళాలు కొత్త కొమ్మ నాళాలతో కలవాలి. కలిస్తే, ఆ లేత ఆకులు ఎండెక్కగానే కింది నుంచి నీళ్ళు లాగడం మొదలుపెడతాయి.