వాల్వు మీద మసి, ట్యాంకులో మందు

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్లకు తాతయ్య ఆశీస్సులు.

పొద్దున్నే స్టార్టు చేస్తే కారు వణుకుతోందనీ, పికప్ తగ్గిందనీ, బంకులో అమ్మే మందు సీసా మీ నాన్న ట్యాంకులో పోసినా ఫలితం లేదనీ రాశారు. ఇన్‌టేక్ వాల్వులకు కార్బన్ పట్టింది, మేనిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే గొట్టాల గుత్తి) విప్పాలి అన్నాడట మెకానిక్. నిజం చెబుతున్నాడా, డబ్బు గుంజుతున్నాడా అని మీ అనుమానం. నిజమే అయి ఉండొచ్చు. అది తేలాలంటే ముందు పెట్రోలు ఏ దారిన పోతుందో చూడాలి.

సిలిండరులోకి గాలిని వదిలేది ఇన్‌టేక్ వాల్వు. క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) రెండు చుట్లు తిరిగితే అది ఒకసారి తెరుచుకుంటుంది. ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే సెకనుకు ఎన్నిసార్లో మీరే లెక్కేయండి. 25 వస్తే సరిగ్గా చేసినట్టే.

మారుతి 800లో మొదట పెట్రోలునూ గాలినీ కలిపే కార్బ్యురేటర్ ఉండేది, తర్వాత ఎంపీఎఫ్ఐ, అంటే ఒక్కో సిలిండరు గాలి దారిలో ఇంజెక్టరుతో పెట్రోలు చిమ్మే పద్ధతి వచ్చింది. రెండింట్లోనూ పెట్రోలు గాలితో కలిసి ఇన్‌టేక్ వాల్వు మీదుగానే లోపలికి పోయేది. పోతూ పోతూ దాని వీపు కడిగేది. మీ కారులో ఉన్నది డైరెక్ట్ ఇంజెక్షన్. ఇంజెక్టరు మూతి సిలిండరు లోపలే ఉంటుంది. 200 బార్లు, కొన్నింటిలో అంతకు మించిన ఒత్తిడితో పెట్రోలును అక్కడే చిమ్ముతుంది. మీ కారు టైరులో గాలి రెండు బార్ల పైచిలుకు, అంతే! 1996లో మిత్సుబిషి ఈ పద్ధతిని జీడీఐ పేరుతో మామూలు కార్లలోకి తెచ్చింది. లోపల చిమ్మిన పెట్రోలు ఆవిరవుతూ గాలిని చల్లబరుస్తుంది కాబట్టి కంప్రెషన్ పెంచుకోవచ్చు. చిన్న ఇంజను నుంచి ఎక్కువ బలం రాబట్టవచ్చు. మంచి ఆలోచనే. కాకపోతే వాల్వుకు జరిగే స్నానం ఆగిపోయింది.

మరి మసి ఎక్కడిది? పిస్టన్ రింగులను దాటి కొంత వాయువు కిందికి, ఆయిల్ ఉండే చోటికి జారుతుంది. దాన్ని బయటికి వదిలితే గాలి పాడవుతుంది కనుక పీసీవీ అనే ఏర్పాటు ద్వారా మళ్లీ ఇంజనుకే తాగిస్తారు. దానితోపాటు సన్నటి ఆయిల్ తుంపర వస్తుంది. వేడి వాల్వు మీద పడి, ఎండి, మళ్లీ పడి, మళ్లీ ఎండుతుంది. మీ అమ్మమ్మ పాత మూకుడు అడుగున నల్లగా పెచ్చు కట్టిందే, అచ్చం అలాగే. వాల్వు స్టెమ్ సీలు (వాల్వు కాడ చుట్టూ ఆయిల్‌ను ఆపే రబ్బరు) అరిగితే ఆ దారినా కొంత ఆయిల్ దిగుతుంది. డీజిల్ బండ్లలో ఈజీఆర్ (కాలిన పొగలో కొంత మళ్లీ ఇంజనులోకే పంపే ఏర్పాటు) నుంచి వచ్చే పొగమసి ఈ ఆయిల్‌తో కలిసి ఇంకా జిగటగా తయారవుతుంది, అది వేరే కథ.

పెచ్చు మందమయ్యేకొద్దీ గాలి దారి ఇరుకవుతుంది, సుడి చెదురుతుంది. ఒక సిలిండరుకు ఎక్కువ, ఇంకోదానికి తక్కువ గాలి అందుతుంది. అందుకే ఇంజను చల్లగా ఉన్నప్పుడు మిస్ కొడుతుంది.

ఇప్పుడు ఆ మందు సీసా సంగతి. అది ఇంజెక్టరు మూతిని శుభ్రం చేయగలదు. పెట్రోలే వాల్వును తాకనప్పుడు, పెట్రోలులో కలిపిన మందు ఎలా తాకుతుంది? హైవే మీద గట్టిగా తోలితే కాలిపోతుందనే సలహా కూడా ఇలాంటిదే. మంట ఉండేది వాల్వుకు అవతలి వైపు, మసి పట్టేది ఇవతలి వైపు. గాలి దారిలో కొట్టే స్ప్రేలు కొంత మెత్తబరుస్తాయి గానీ గట్టిపడ్డ పెచ్చును ఊడదీయలేవు. ఊడినా ఆ ముక్క టర్బోలోకి (పొగ ఊపుతో తిరిగి గాలిని నెట్టే చక్రంలోకి) పోతే తలనొప్పి.

గట్టి మార్గం అక్రోటు పెంకుల పొడి. మేనిఫోల్డ్ విప్పి, గాలి ఒత్తిడితో ఆ పొడిని వాల్వు మీద కొడతారు, పక్కనే వాక్యూమ్ గొట్టం పీల్చేస్తుంది. ఇసుక ఎందుకు వాడరంటే అది ఇనుమునూ గీరేస్తుంది. పెంకు కార్బన్ కన్నా గట్టిది, లోహం కన్నా మెత్తనిది. ఒక రేణువు మిగిలినా మంటలో కాలిపోతుంది. అంబాసిడర్ల కాలంలో హెడ్ దించి స్క్రేపరుతో గీకేవాళ్లం, ఇదే నయం. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు: పొడి కొట్టే సిలిండరు వాల్వులు పూర్తిగా మూసి ఉండాలి. స్పానరుతో క్రాంకును చేత్తో తిప్పి చూసుకుని, ఒక్కో సిలిండరే చేయాలి. ఈ ఓపిక లేని షెడ్డుకు ఇవ్వొద్దని మీ నాన్నకు చెప్పండి.

విప్పే ముందు నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గులు, కాయిల్స్ చూడమనండి. అవి చెడినా బండి ఇలాగే వణుకుతుంది. గాలి గొట్టంలోంచి చిన్న కెమెరా పెట్టి వాల్వును చూపించమని అడగండి, మంచి మెకానిక్ కాదనడు. బిగించేటప్పుడు గ్యాస్కెట్లు కొత్తవి వేయాలి. తర్వాత సరైన గ్రేడు ఆయిల్ వేళకు మారిస్తే, ఇంటికీ బడికీ మధ్య చిన్న తిరుగుడు తగ్గిస్తే, మసి నెమ్మదిగా పడుతుంది. పడకుండా మాత్రం ఉండదు. టయోటా లాంటి కంపెనీలు కొన్ని ఇంజన్లలో లోపలొకటి, బయటొకటి రెండు ఇంజెక్టర్లు పెట్టాయి. బయటిది పనిచేసినప్పుడు వాల్వుకు మళ్లీ కడుగుడు దొరుకుతుంది.

మీది మూడు సిలిండర్ల బండి, ఇన్‌టేక్ వాల్వులు ఆరు. విప్పిన రోజు ఆరింటికీ వేరువేరుగా ఫొటోలు తీసి పంపండి. ఏ సిలిండరులో మసి ఎక్కువో చూస్తే ఆయిల్ ఏ దారిన దిగుతోందో చెప్పగలనేమో.

మీ తాతయ్య