హంపి రాచనగరు: అపోహలు - వాస్తవాలు

అనంతపురం నుంచి ఉరవకొండ, బళ్లారి మీదుగా హంపికి జనాన్ని తీసుకెళ్లి చూపించడం నా పని. రాతిరథం దగ్గర ఫోటోలకు గంట గడిపేవాళ్లు కూడా రాచనగరు (రాజభవనాలుండిన ఆవరణ) వచ్చేసరికి బస్సు దిగడానికే బద్ధకిస్తారు. దానికి కారణం చాలావరకు ఈ అపోహలే.

అపోహ: "ఏముందన్నా ఈడ, ఉత్త అరుగులే కదా! రాజభవనాలన్నీ రాయి మీద రాయి లేకుండా కూల్చేసినారంట."

వాస్తవం: ఆ భవనాల్లో రాతి పని చాలావరకు అరుగులకే పరిమితం. పైన స్తంభాలు, కప్పు చెక్కవి. 1565లో రక్కసి తంగడి యుద్ధం తర్వాత నగరాన్ని దోచి తగలబెట్టినప్పుడు చెక్క కాలిపోయింది, అరుగులు మిగిలాయి. రాజసభ అని చూపించే అరుగు ఎక్కి నేల వైపు చూడండి. వరుసకు పది చొప్పున పది వరుసల్లో స్తంభాలు నిలిపిన గుర్తులు కనిపిస్తాయి. నూరు స్తంభాల సభ అది. అక్కడే ఉన్న రాతి మెట్లను బట్టి పైన ఇంకో అంతస్తు ఉండేదని పండితుల అంచనా. నన్నడిగితే, మహానవమి దిబ్బ అనే ఎత్తైన రాతి వేదిక కంటే ముందు చూడాల్సింది ఈ అరుగునే.

అపోహ: మెట్ల కోనేరు ఈమధ్య కట్టింది.

వాస్తవం: అంత కొత్తగా కనబడుతుంది మరి! శతాబ్దాల పాటు మట్టి కింద ఉండి, 1980లలో తవ్వకాల్లో బయటపడింది. నల్లరాళ్ల మీద ఏది ఎక్కడ పేర్చాలో తెలిపే గుర్తులు చెక్కి ఉన్నాయి. పక్కనే నీళ్లు తెచ్చిన రాతి కాలువ ఉంది.

అపోహ: లోటస్ మహల్ రాణుల అంతఃపురమే.

వాస్తవం: అలా చెప్పే శాసనం లేదు. ఆ పేరు కూడా తర్వాతివాళ్లు పెట్టిందే.

అపోహ: 1565తో విజయనగర సామ్రాజ్యం అయిపోయింది.

వాస్తవం: రాజధాని మన పెనుకొండకు మారింది. ఆ కోట చూడకుండా హంపికి పరిగెత్తేవాళ్లను ఏమనాలో!

అపోహ: శిథిలాల కింద గుప్త నిధులుంటాయి, దొరికితే దొరికినవాళ్లవే.

వాస్తవం: మన సీమలో ఈ పిచ్చి ఎక్కువ. రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. ఎక్కడ నిధి దొరికినా కలెక్టరుకు చెప్పాల్సిందే.

అపోహ: అడుగడుగునా టికెట్టే.

వాస్తవం: రాచనగరు ఆవరణకు టికెట్ లేదు. వేరే ఆవరణలో ఉన్న లోటస్ మహల్ దగ్గర కొన్న టికెట్టే అదే రోజు రాతిరథం ఉన్న విఠ్ఠలాలయానికీ పనికొస్తుంది, పారేయకండి. రాచనగరులో నీడ ఉండదు, పొద్దున్నే అక్కడికి వెళ్లండి.