తల్లి పోయిన ఇంట్లో తండ్రికి కాపలా ఎవరు? (అపోహలు – వాస్తవాలు)

ఆంధ్ర సరిహద్దున ఉన్న ఒడిశా ఊళ్లు పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం చుట్టుపక్కల తెలుగు కుటుంబాల మధ్య మానసిక ఆరోగ్య కార్యకర్తగా పనిచేస్తున్నాను. భార్య పోయాక తాగుడులో పడ్డ మగవాళ్లు నా దగ్గరికి తరచూ వస్తుంటారు. వాళ్లంతట వాళ్లు రారు. బావమరిదో, తల్లో, ఒక్కోసారి బడి మాస్టారో వెంటబెట్టుకొస్తారు. ఆ మనిషి వెనకాల సాధారణంగా ఒక బిడ్డ కూడా ఉంటుంది.

భర్త పోయిన స్త్రీని పిలవడానికి మన భాషలో నలుగురి నోళ్లలో నలిగిన మాటలు చాలా ఉన్నాయి. భార్య పోయిన మగవాడికి ‘విధురుడు’ అనే మాట నిఘంటువులో కనిపిస్తుంది గానీ, మా వీధిలో ఎవరి నోటా నేను వినలేదు. పేరు లేని బాధను పలకరించేవాళ్లు కూడా తక్కువే. పెద్దకర్మ అయ్యాక చుట్టాలు బస్సెక్కుతారు. ఆ రాత్రి ఇంట్లో తండ్రీ బిడ్డా మిగులుతారు. నా పని ఎక్కువగా ఆ రాత్రి తరువాతి సంగతులతోనే. ఈ ఇళ్లలో నేను పదేపదే వినే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను. మనుషులను గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను.

అపోహ: భార్య మీద ప్రేమ ఎక్కువ, అందుకే తాగుతున్నాడు.

ప్రేమ నిజమే కావచ్చు. కానీ తాగుడు దానికి కొలత కాదు. నాతో మాట్లాడిన వాళ్లలో చాలామంది మొదట తాగింది నిద్ర కోసం. మద్యం తొందరగా నిద్ర పట్టిస్తుంది, కానీ రాత్రి రెండో సగంలో ఆ నిద్రను తెంచేస్తుంది. మూడు గంటలకు మెలకువ వస్తుంది. పక్కన మంచం ఖాళీగా ఉంటుంది. మరునాడు మనసు ఇంకా కుంగుతుంది, సాయంత్రానికి మోతాదు పెరుగుతుంది. ఇలా కొన్ని నెలలు గడిస్తే శరీరం దానికి అలవాటు పడిపోతుంది. అప్పటికి అది దుఃఖం ఒక్కటే కాదు, జబ్బు కూడా. జబ్బుకు వైద్యం ఉంది. ‘ప్రేమతో తాగుతున్నాడు’ అని జాలిపడి ఊరుకున్న ఇళ్లలోనే వైద్యం బాగా ఆలస్యమవడం చూశాను.

ఒక్క మాట గుండె గురించి. బ్రిటన్‌లో మానసిక వైద్యుడు కోలిన్ ముర్రే పార్క్స్, ఆయన సహచరులు 55 ఏళ్లు దాటిన, భార్య పోయిన 4,486 మంది మగవాళ్ల వివరాలు పరిశీలించి 1969లో ప్రచురించారు. మొదటి ఆరు నెలల్లో వాళ్లలో మరణాలు అదే వయసు వివాహితుల కంటే 40 శాతం ఎక్కువగా కనిపించాయి. ఆ పెరుగుదలలో గుండె జబ్బుల వాటా పెద్దది. ఈ మనిషి ఛాతీలో నొప్పి అంటే ‘బెంగ’ అని కొట్టిపారేయకండి. ఇ.సి.జి. తీయించండి.

అపోహ: బిడ్డ ముఖం చూసి మానేస్తాడు.

నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టే మాట ఇది. మంచి మనసుతోనే అంటారు, అందుకే దీన్ని కాదనడం కష్టం.

పదకొండేళ్ల పాప. తల్లి జ్వరంతో పోయి ఐదు నెలలైంది. నాయనమ్మ ఆ పాపతో, ‘మీ నాన్నను నువ్వే చూసుకోవాలి తల్లీ, నీ మాటైతే వింటాడు’ అని చెప్పింది. పాప ఆ మాటను ఉద్యోగంగా తీసుకుంది. సీసాలో సగం పారబోసి నీళ్లు కలిపేది. జేబులో డబ్బులు తీసి బియ్యం డబ్బాలో దాచేది. రాత్రి రెండు మూడుసార్లు లేచి, తండ్రి ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి తగులుతోందా అని చూసుకునేది. బడిలో బెంచీ మీద నిద్రపోతుంటే టీచరు సోమరి అనుకుంది.

ఒకరోజు పాప కత్తెర తీసుకుని తన జుట్టు చెవుల దాకా కత్తిరించేసుకుంది. తండ్రి దాన్ని పొగరు అనుకుని కొట్టాడు. ఆ తరువాతే మేనమామ ఇద్దరినీ నా దగ్గరికి తీసుకొచ్చాడు. జుట్టు ఎందుకు కత్తిరించుకున్నావు అని అడిగితే పాప చాలాసేపు నేల చూసింది. ఆఖరికి, ‘బడికి రెండు జడలు వేసుకుని రావాలి. నాకు వేసుకోవడం రాదు. అమ్మ వేసేది’ అంది. ఐదు నెలలు ఆ ఇంట్లో ఎవరికీ ఆ సంగతి తట్టలేదు.

తండ్రి ఆమె ముందు ఏమీ అనలేదు. పాపను బయట కూర్చోబెట్టాక అన్నాడు: ‘దాని ముఖం అచ్చం వాళ్లమ్మ ముఖమే. చూడలేక రాత్రి పొద్దుపోయాక ఇంటికి వెళ్తున్నాను.’ పాపకు మాత్రం నాన్న తనను ద్వేషిస్తున్నాడనే అర్థమైంది. ఈ ముడి నాకు చాలా ఇళ్లలో కనబడుతుంది. బిడ్డ ముఖమే తండ్రికి తట్టుకోలేని జ్ఞాపకం. ఆ ముఖం చూపించి అతన్ని మార్చబోవడం పుండు మీద చెయ్యి పెట్టినట్టే అవుతుంది. అతను మారకపోతే, నాన్నకు తాను సరిపోలేదని పిల్ల తనలో తాను తీర్మానించుకుంటుంది.

అమెరికాలోని బోస్టన్ ప్రాంతంలో విలియం వోర్డెన్, ఫిలిస్ సిల్వర్‌మన్ అనే పరిశోధకులు తల్లినో తండ్రినో పోగొట్టుకున్న 70 కుటుంబాల్లోని 125 మంది పిల్లలను గమనించారు. పిల్లలు నిలదొక్కుకోవడం అన్నిటికంటే ఎక్కువగా మిగిలిన తల్లి లేదా తండ్రి రోజూ ఇంటిని ఎలా నడుపుతున్నారన్న దాని మీద ఆధారపడిందని తేలింది. అంటే బిడ్డ తండ్రిని నిలబెట్టడం కాదు, పెద్దవాళ్లు తండ్రిని నిలబెడితే బిడ్డ నిలబడుతుంది. వరుస తిరగబడకూడదు.

మేం మొదట చేసింది పాపను ఆ ఉద్యోగం నుంచి తప్పించడం. తండ్రి చేత, నా ముందే, పాపకు చెప్పించాను: ‘నన్ను చూసుకునే పని నీది కాదమ్మా. డాక్టరు చూస్తారు, మామయ్య చూస్తాడు, నేను చూసుకుంటాను.’ మూడు వారాలు మేనమామ ఆ ఇంట్లోనే పడుకున్నాడు. తండ్రికి ఇచ్చింది ఒకే ఒక్క పని. రోజూ పొద్దున తాగకుండా, పాప తలకు నూనె రాసి దువ్వాలి. జడ వేసేంత జుట్టు అప్పటికి లేదు. రెండు క్లిప్పులు పెట్టేవాడు.

అపోహ: మాల వేయిస్తే మానేస్తాడు.

అయ్యప్ప దీక్ష పట్టి 41 రోజులు ముట్టని వాళ్లను చూశాను. వాళ్ల నిష్ఠ మీద నాకు గౌరవం ఉంది. అయితే ఇక్కడ రెండు చిక్కులున్నాయి. ఇంట్లో మరణం జరిగితే ఏడాది వరకు మాల వేయకూడదన్న ఆచారం చాలా ఇళ్లలో ఉంది. ‘ఏడాది పోనీ, అప్పుడు చూద్దాం’ అంటూ వైద్యాన్ని కూడా ఏడాది వాయిదా వేస్తున్నారు.

రెండోది ప్రాణాల మీదికి వచ్చేది. రోజూ ఎక్కువగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే ఆరు గంటల నుంచి ఒక రోజు లోపల చేతులు వణకడం, చెమటలు, వాంతులు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో మూర్ఛ రావచ్చు. కొందరికి రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్యలో మతి తప్పుతుంది. ఎక్కడున్నాడో, పగలో రాత్రో తెలియదు. లేని మనుషులు, పురుగులు కనబడతాయి. వైద్యం అందకపోతే ఇది చంపగలదు. కాబట్టి దీక్షకైనా, ఒట్టుకైనా కనీసం వారం ముందు డాక్టరును కలవండి. వణుకు రాకుండా మందులు, బి1 విటమిను ఇచ్చి కొద్ది రోజుల్లో క్షేమంగా మాన్పిస్తారు. బరంపురం ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రిలోనూ, విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయంలోనూ ఈ వైద్యం ఉంది.

అపోహ: చనిపోయిన భార్య వచ్చి పిలుస్తోంది, గుణియాకు (భూతవైద్యుడికి) చూపించాలి.

ఇక్కడ రెండు వేర్వేరు సంగతులను జనం ఒకటిగా కలిపేస్తున్నారు.

వంటగదిలో గాజుల చప్పుడు వినబడినట్టు, మంచం పక్కన ఆమె కూర్చున్నట్టు అనిపించడం దుఃఖంలో మామూలే. వేల్స్‌లో డ్యూయి రీస్ అనే డాక్టరు భర్తనో భార్యనో కోల్పోయిన 293 మందితో మాట్లాడి 1971లో ప్రచురించిన పరిశీలనలో దాదాపు సగం మందికి ఇలాంటి అనుభవం ఉంది. చాలామంది దాన్ని ఎవరికీ చెప్పుకోలేదు. అది పిచ్చీ కాదు, దయ్యమూ కాదు. ఆ మనిషి తనెవరో, ఎక్కడున్నాడో స్పష్టంగా చెప్పగలడు.

అదే మాట చెమటలు కక్కుతూ, చేతులు వణుకుతూ, ఒళ్లు కాలుతూ, తారీఖు తెలియకుండా అంటున్నాడా? తాగుడు ఆపి రెండు మూడు రోజులైందా? అయితే అది పైన చెప్పిన ప్రమాదమే. వేపకొమ్మలతో కొట్టించే గంటలు ఆసుపత్రి దారిలో గడవాల్సిన గంటలు. గుణియా మీద నమ్మకం ఉంటే తరువాత వెళ్లండి, ముందు ఆసుపత్రికి వెళ్లండి.

అపోహ: తెలియకుండా అన్నంలో మాత్ర కలిపితే చాలు.

దయచేసి చేయకండి. ఇలా కలిపే మందుల్లో, తాగుడు మాన్పించడానికి వాడే డైసల్ఫిరామ్ ఒకటి. అది ఒంట్లో ఉండగా తాగితే ముఖం ఎర్రబారి, గుండె దడదడలాడి, వాంతులై రక్తపోటు పడిపోతుంది. ప్రాణం పోవచ్చు. రోగికి తెలిసి, ఒప్పుకొని, డాక్టరు పరీక్షించాకే వాడవలసిన మందు. ఒక ఇంట్లో ఆ మాత్రను పప్పులో కలిపే పని పన్నెండేళ్ల కొడుక్కి అప్పగించారు. తండ్రికి ఏమైనా జరిగి ఉంటే ఆ పిల్లవాడు జీవితమంతా ఏం మోసేవాడో ఆలోచించండి.

అపోహ: పిల్లలు ఆడుకుంటున్నారు, మరిచిపోయారు. కొన్నాళ్లు అమ్మమ్మగారింట్లో ఉంచితే సరిపోతుంది.

పిల్లల దుఃఖం విడతలు విడతలుగా వస్తుంది. పది నిమిషాలు ఏడ్చి గోళీలాటకు పరిగెత్తుతారు. రాత్రి పక్క తడుపుతారు. కడుపునొప్పి అంటారు. తను అలిగినందువల్లే అమ్మ పోయిందేమోనని లోపల భయపడేవాళ్లు కూడా ఉంటారు. ‘అమ్మ ఊరెళ్లింది’ అని చెబితే ఎవరు బస్సెక్కినా వణికిపోతారు. ‘నిద్రపోయింది’ అంటే కళ్లు మూయడానికి భయపడతారు. ‘అమ్మ చనిపోయింది, ఇక రాదు, అందులో నీ తప్పు లేదు’ అని మామూలు మాటల్లో చెప్పండి.

అమ్మమ్మగారింటి సంగతి మా ప్రాంతంలో ఇంకాస్త చిక్కు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఒడిశాలోకి వెళ్లింది, ఆనుకుని ఉన్న పాతపట్నం మద్రాసు వైపు మిగిలింది. పెళ్లి సంబంధాలు మాత్రం ఆ గీతను ఎప్పుడూ పట్టించుకోలేదు. చాలా ఇళ్లలో కోడలు ఆంధ్ర వైపు నుంచి వచ్చిన మనిషి. పిల్లలు ఒడియా బడిలో చదువుతారు, ఇంట్లో అమ్మతో తెలుగు మాట్లాడతారు. అమ్మ పోతే ఇంట్లో ఆ మాటలే ఆగిపోతాయి. సరిహద్దు దాటించి అమ్మమ్మగారి ఊరి బడిలో వేస్తే, ఒడియాలో చక్కగా చదివే పిల్ల తెలుగు అక్షరాల ముందు మొదటి తరగతి పిల్లలా కూర్చోవాలి. తల్లి పోయింది, తండ్రి దూరమయ్యాడు, బడీ స్నేహితులూ పోయారు. ఒక్క నెలలో ఇన్ని. ఇంట్లో కొట్టడం, ప్రమాదం ఉంటే పంపక తప్పదు. అలా కాకపోతే అమ్మమ్మనే కొన్నాళ్లు ఇటు రమ్మనండి. పంపినా, తండ్రి ఫలానా రోజు వస్తాడని చెప్పి, ఆ రోజు తాగకుండా వెళ్లాలి. రానని ముందే చెప్పడం కంటే, వస్తానని చెప్పి రాకపోవడం ఎక్కువ గాయం చేస్తుంది.

అపోహ: మళ్లీ పెళ్లి చేస్తే దారిలో పడతాడు.

తాగుడు ఆగకుండా చేసే పెళ్లి ఇంకో స్త్రీని ఆ కాపలా ఉద్యోగంలో పెట్టడమే. ముందు వైద్యం. పెళ్లి ఆలోచన అతను కుదుటపడ్డాక, బిడ్డతో మాట్లాడాక.

అపోహ: చస్తానని పైకి అనేవాడు చావడు.

అనేవాళ్లలో చేసేవాళ్లు ఉన్నారు. మన దేశంలో 2022లో నమోదైన ఆత్మహత్యల్లో దాదాపు 72 శాతం మగవాళ్లవి. ‘చనిపోవాలనిపిస్తోందా?’ అని సూటిగా అడగండి. అడిగితే కొత్తగా ఆలోచన పుట్టదు, మోస్తున్న బరువు కాస్త దిగుతుంది. బిడ్డ పేరున కాగితాలన్నీ తొందరగా సర్దుతున్నా, ‘దీన్ని నువ్వే చూసుకోవాలిరా’ అని తమ్ముడికి అప్పగింతలు పెడుతున్నా ఒంటరిగా వదలకండి. పురుగుమందు ఇంట్లోంచి తీసేయండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోను టెలి మానస్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు, ఒడియాలోనూ మాట్లాడవచ్చు. పోలీసు కేసు అవుతుందని దాచేవాళ్లు చాలామంది ఉన్నారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షను, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలని, శిక్షించకూడదని చెబుతోంది.

అపోహ: సంవత్సరికం అయితే అన్నీ సర్దుకుంటాయి.

దుఃఖం ఐదు మెట్లెక్కి దిగిపోతుందని ఫోనుల్లో చదివి వచ్చి అడుగుతున్నారు. మానసిక వైద్యురాలు ఎలిజబెత్ కుబ్లర్-రాస్ 1969లో చెప్పిన ఆ ఐదు దశలు మరణం ముంగిట ఉన్న రోగులతో మాట్లాడి గమనించినవి, వెనక మిగిలిన వాళ్ల గురించి కాదు. పరిశోధకులు మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షూట్ 1999లో చెప్పిన మాట నా అనుభవానికి దగ్గరగా ఉంది. దుఃఖించే మనిషి ఒకవైపు పోయినవారి తలపుకూ, మరోవైపు బతుకు పనులకూ మధ్య ఊగుతూ ఉంటాడు. ఊగడం ఆరోగ్యమే. ఒకవైపే ఇరుక్కుపోతే సాయం కావాలి. ఆరు నెలలు దాటాక కూడా తీవ్రత తగ్గక, రోజువారీ బతుకు నడవకపోతే దాన్ని దీర్ఘకాలిక దుఃఖ రుగ్మతగా ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ గుర్తిస్తోంది.

సంవత్సరికం రోజు, ఆమె పుట్టినరోజు, పెళ్లిరోజు మళ్లీ సీసా చేతిలోకి వచ్చే రోజులు. ఆ సాయంత్రం ఎవరు తోడుంటారు, ఎక్కడ భోంచేస్తారు అన్నది వారం ముందే తేల్చుకోమంటాను.

పైన చెప్పిన పాప తండ్రి మధ్యలో రెండుసార్లు మళ్లీ తాగాడు. రెండుసార్లూ తానే ఫోను చేసి చెప్పాడు, మళ్లీ మందులకు వచ్చాడు. సంవత్సరికం నాటికి పాప జుట్టు భుజాలు దాటింది. అమ్మ ఫోటోకు దండ వేసే ముందు గుమ్మంలో కూర్చోబెట్టి ఆయనే రెండు జడలు వేశాడు. ఒకటి లావుగా, ఒకటి సన్నగా వచ్చాయి. మరునాడు మేనత్త విప్పి సరిచేస్తానంటే పాప ఒప్పుకోలేదు, ఆ జడలతోనే బడికి వెళ్లింది.