పిల్లి నవ్వదు సారూ: బొమ్మలేసేటోని అపోహలు - వాస్తవాలు

నల్లగొండ క్లాక్ టవర్ దిక్కు ఫ్లెక్సీలు, పోస్టర్లు డిజైన్ చేస్త నేను. మొన్న ఓ పశువుల డాక్టర్ సారు పిల్లి బాడీ లాంగ్వేజ్ మీద చార్ట్ చేసియ్యమంటే రెండు నెలలు పిల్లులతోనే గడిచింది. కింద ఉన్న అపోహల్ల కొన్ని జనాలయి, ఒకటి నాదే.

అపోహ: తోక ఊపుతుందంటే ఖుషీగ ఉన్నట్టు.
వాస్తవం: అది కుక్క. పిల్లి తోకను అటూ ఇటూ జోరుగ కొడుతుందంటే చిరాకు పడ్తుంది, ఇంక చెయ్యి తీసెయ్యాలె. దోస్తానాకొస్తే తోక నిటారుగ లేపుకొని వస్తది. నేను ఫస్ట్ తోక పక్కన కదిలినట్టు గీతలు గీసిన, చూసినోళ్లంత "ఆడుకుంటుంది గదా" అన్నరు, ఎందుకంటే కార్టూన్లల్ల కుక్కకు గవే గీతలు. గట్ల కాదని పక్కన వెనక్కి తీస్కుంటున్న మనిషి చెయ్యి గీసిన, అప్పుడు వెంటనే పట్టేసిన్రు.

అపోహ: ముఖం పెద్దగ చూపిస్తే చాలు.
వాస్తవం: ఇది నాదే. పిల్లి మూతి మామూలుగనే నవ్వినట్టుంటది, మనమేమో మనిషి ముఖం చదివినట్టు చదువుతం. కంటిపాప పెద్దగైతే భయం కావచ్చు, ఆట కావచ్చు, ఊకనే రూంల చీకటి కావచ్చు. అందుకే చెవులు పక్కకు వాలినయా, ఒళ్లు ముడుచుకుందా, తోక ఒంటికి చుట్టుకుందా అన్నీ ఒక్క బొమ్మలనే కనపడాలె. ఫోటో అయితే వేస్టు, నల్లపిల్లి చెవి ఎటు తిరిగిందో ఫ్లెక్సీ మీద అసలు తెల్వదు, గీతబొమ్మనే బెస్ట్.

అపోహ: పొట్ట చూపిస్తే నిమరమని.
వాస్తవం: నమ్మకం ఉందని మాత్రమే. నిమిరి చూడుర్రి, చేతి మీద గీతలు అదే గీస్తది.

అపోహ: గుర్రుగుర్రుమంటుంది, అంటే మంచిగనే ఉంది.
వాస్తవం: నొప్పి ఉన్నా గుర్రుమంటది. చప్పుడును బొమ్మల ఎట్ల చూపిస్తం? అందుకే 2019ల కెనడాల మాంట్రియల్ యూనివర్సిటీ వాళ్లు తెచ్చిన, పిల్లి ముఖం చూసి నొప్పి ఎంతుందో కొలిచే ఫెలైన్ గ్రిమేస్ స్కేల్ పట్టుకున్న. చెవులు, కళ్లు, మూతి బిగుతు, మీసాలు, తల వాలిన తీరు, ఒక్కోదానికి 0 నుంచి 2 మార్కులు, మొత్తం 10కి 4 గాని అంతకన్న ఎక్కువ గాని వచ్చిందంటే నొప్పి మందు సంగతి డాక్టర్ చూడాలె. డాక్టరే, మీరు కాదు, ఇంట్ల ఉన్న పారాసిటమాల్ పిల్లికి విషం, అందుకే ఆ ముక్క చార్ట్ల అన్నిటికన్న పెద్ద అక్షరాలల్ల పెట్టిన.

రంగులు నమ్ముకోలే. సారు ఆ చార్ట్‌ను బ్లాక్ అండ్ వైట్ జిరాక్స్ తీసి అందరికి పంచుతడని నాకు ముందే తెలుసు.